ఫిర్యాదుపై బాలల సంరక్షణ కేంద్రాల తనిఖీ

అనాథాశ్రమం, బాల సదనం, శిశు గృహ, పరిశీలక గృహం, డేకేర్ వంటి చోట్ల పిల్లలకు హాని జరుగుతోందని గానీ, చూసుకోవడంలో లోపం ఉందని గానీ ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు, చట్టం అధికారమిచ్చిన బృందం స్వయంగా అక్కడికి వెళ్లి నిజానిజాలు తేల్చే ప్రక్రియ ఇది. మూడు నెలలకోసారి జరిగే మామూలు తనిఖీకీ దీనికీ ఉద్దేశంలోనే తేడా ఉంది. మామూలు తనిఖీ నిబంధనలు అమలవుతున్నాయా లేదా అని చూస్తుంది. ఫిర్యాదు తనిఖీలో ముందుగా తేలాల్సినవి రెండు: ఫిర్యాదులో చెప్పిన బిడ్డకు ఏం జరిగింది, మిగిలిన పిల్లలు ఈ రాత్రి అక్కడే పడుకోవచ్చా. రెండో ప్రశ్నకు జవాబు అదే రోజు దొరకాలి. నివేదిక తర్వాత రాసుకోవచ్చు.

భారతదేశంలో ఈ తనిఖీలకు ప్రధాన ఆధారం 2015 నాటి బాల న్యాయ చట్టం. ప్రభుత్వ కార్యాలయాల్లో అందరూ దీన్ని జేజే చట్టం అనే పిలుస్తారు. ఇది 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. లైంగిక నేరాల ఫిర్యాదులకు 2012 నాటి పోక్సో చట్టం తోడవుతుంది. జాతీయ, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్లకు 2005 నాటి మరో చట్టం తనిఖీ అధికారమిచ్చింది.

నేపథ్యం

పిల్లల గృహాల లోపలి సంగతులు బయటి ప్రపంచానికి తెలియడం మన దేశంలో చాలావరకు ఫిర్యాదులతోనే మొదలైంది. ముంబై మాన్‌ఖుర్ద్‌లోని పరిశీలక గృహంలో పిల్లలను ఎక్కువ కాలం ఉంచేస్తున్నారనీ, కూలి ఇవ్వకుండా పని చేయిస్తున్నారనీ పాత్రికేయురాలు షీలా బార్సే బాంబే హైకోర్టుకు లేఖ రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి 1986 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఆ గృహాన్ని నడిపే సొసైటీని రాజ్యాంగం 12వ అధికరణం కింద ప్రభుత్వంతో సమానంగా చూడాలని ఆ తీర్పు చెప్పింది. దాతల సొమ్ముతోనో, ట్రస్టు పేరుతోనో నడిచే ఆశ్రమం తన నాలుగు గోడల మధ్య జరిగేది తన సొంత వ్యవహారమని ఇక అనలేని పరిస్థితికి అది తొలి మెట్టు.

తమిళనాడు అనాథాశ్రమాల్లో పిల్లలపై అకృత్యాల గురించి 2007లో వచ్చిన పత్రికా కథనం ఆధారంగా సుప్రీంకోర్టులో మరో ప్రజాప్రయోజన వ్యాజ్యం మొదలైంది. పదేళ్ల తర్వాత, 2017 మే 5న, జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ ఏడాది ముగిసేలోగా దేశంలోని సంరక్షణ సంస్థలన్నీ రిజిస్టరు కావాలనీ, తనిఖీ కమిటీలు ఏర్పడి పని మొదలుపెట్టాలనీ ఆదేశించింది. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ చేయించిన లెక్కింపు 2018లో వెలువడింది. 9,589 సంస్థలు, వాటిలో సుమారు 3.7 లక్షల మంది పిల్లలు ఉన్నట్టు అందులో తేలింది. పదింట తొమ్మిది స్వచ్ఛంద సంస్థల చేతుల్లోనే ఉన్నాయి. అంటే పిల్లలు ప్రభుత్వ బాధ్యతలో ఉన్నా, వాళ్లకు అన్నం పెట్టేదీ పడక వేసేదీ చాలాచోట్ల ప్రైవేటు వ్యక్తులే. బయటివాళ్ల కన్ను తప్పనిసరి కావడానికి ఈ ఏర్పాటే కారణం.

ఎవరికి ఏ అధికారం

జేజే చట్టం 54వ సెక్షన్ రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో తనిఖీ కమిటీలు వేయమంటోంది. కమిటీ మూడు నెలలకోసారైనా ప్రతి సంస్థకూ వెళ్లాలి. బృందంలో ముగ్గురికి తగ్గకూడదు, వారిలో కనీసం ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. వారంలోగా నివేదిక ఇవ్వాలి, ఆ తర్వాత నెలలోగా చర్య తీసుకోవాలి. 2021 సవరణ ఈ నివేదికలు అందుకుని చర్య తీసుకునే బాధ్యతను జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే మన వాడుకలో కలెక్టరుకు, అప్పగించింది. 2022 సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. జిల్లా కమిటీకి సభ్య కార్యదర్శిగా ఉండేది జిల్లా బాలల సంరక్షణ అధికారి. క్షేత్రంలో ఈ అధికారినీ, ఆయన విభాగాన్నీ కలిపి డీసీపీయూ అనేస్తారు.

బాలల సంక్షేమ కమిటీ, అంటే సీడబ్ల్యూసీ, సభ్యులు నెలకు కనీసం రెండుసార్లు గృహాలను చూసి రావాలి. చట్టంతో ఘర్షణ పడిన, అంటే నేరారోపణ ఎదుర్కొంటున్న, పిల్లలుండే గృహాలకు బాల న్యాయ మండలి నెలకోసారి వెళ్లాలి. బాలల హక్కుల కమిషన్ ఫిర్యాదు మీద గానీ, పత్రికల్లో చదివి తనంతట తాను గానీ కదలవచ్చు. విచారణలో దానికి సివిల్ కోర్టుకుండే అధికారాలుంటాయి కాబట్టి సాక్షులను పిలిపించగలదు, రికార్డులు తెప్పించగలదు. జాతీయ కమిషన్ తనిఖీల కోసం ‘మాసీ’ అనే మొబైల్ యాప్‌ను కూడా తెచ్చింది.

ఇంతమందికి అధికారం ఉండటం మంచిదే. చిక్కల్లా, ఇంతమందిలో ఎవరో ఒకరు వెళ్లే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకునే వీలుంది.

ముజఫర్‌పూర్ చెప్పిన పాఠం

బిహార్ ప్రభుత్వం రాష్ట్రంలోని ఆశ్రయ గృహాలపై సామాజిక తనిఖీ చేయమని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు చెందిన ‘కోశిశ్’ బృందాన్ని కోరింది. ఆ బృందం 110 సంస్థలు చూసి, 2018 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. ముజఫర్‌పూర్‌లోని ఒక బాలికల గృహంలో లైంగిక హింస జరుగుతోందని అందులో ఉంది. మే 31న కేసు నమోదైంది. వైద్య పరీక్షల్లో 30 మందికి పైగా బాలికలపై అత్యాచారాలు జరిగినట్టు తేలింది. జులైలో కేసు సీబీఐకి వెళ్లింది. సుప్రీంకోర్టు విచారణను ఢిల్లీకి మార్చింది. 2020 జనవరిలో అక్కడి సాకేత్ కోర్టు 19 మందిని దోషులుగా నిర్ధారించింది, మరుసటి నెలలో ప్రధాన నిందితుడికి జీవితాంతం జైలు విధించింది.

ఈ కేసులో గుండె ఆగిపోయేలా చేసే సంగతి మరొకటుంది. దోషుల్లో ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీ మాజీ అధ్యక్షుడున్నాడు, బాలల సంరక్షణ అధికారి ఉన్నాడు. పిల్లలు ఎవరికి చెప్పుకోవాలని చట్టం రాసిందో, వాళ్లే నేరస్థులయ్యారు. రాష్ట్రంలోని మరికొన్ని గృహాల విషయంలో జిల్లా మేజిస్ట్రేట్లు సహా పలువురు అధికారుల నిర్లక్ష్యంపై చర్య తీసుకోవాలని సీబీఐ సిఫారసు చేసింది.

అధికారులు వచ్చిపోతున్న గృహాల్లోనే ఇదంతా సాగింది. రిజిస్టర్లు చూసినవాళ్లకు కనిపించనిది, పిల్లలతో కూర్చుని మాట్లాడినవాళ్లకు వినిపించింది. అదే ఏడాది ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని దేవరియాలో పదేళ్ల పాప ఒక గృహం నుంచి తప్పించుకుని పోలీసుల దగ్గరికి వెళ్లి చెప్పేదాకా అక్కడి వ్యవహారం బయటపడలేదు. ఆ గృహానికి అంతకు ముందే గుర్తింపు పోయింది. అయినా పిల్లలు అక్కడే ఉన్నారు.

ఫిర్యాదు ఎలా వస్తుంది

ఎక్కువ మందికి తెలిసిన దారి 1098. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జెరూ బిలిమోరియా చొరవతో 1996లో ముంబైలో మొదలైన ఈ హెల్ప్‌లైన్ దేశమంతా విస్తరించింది. 2023 నుంచి మిషన్ వాత్సల్య పథకం కింద దీన్ని రాష్ట్ర ప్రభుత్వాలే నడుపుతూ, 112 అత్యవసర సేవతో అనుసంధానిస్తున్నాయి. పొరుగింటివాళ్లు, బడి టీచర్లు, ఆస్పత్రి నర్సులు, పని మానేసిన ఆయాలు, సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డ ఒంటిపై దెబ్బలు చూసిన తల్లులు దీనికి ఫోన్ చేస్తారు. పని మానేసిన సిబ్బంది ఫిర్యాదును కక్షగా కొట్టిపారేసే అలవాటు కార్యాలయాల్లో ఉంది. అది తప్పు. లోపలి గదుల గడియలు ఎటువైపు ఉన్నాయో కూడా చెప్పగలిగేది వాళ్లే. పేరు చెప్పని ఫిర్యాదునూ అంతే శ్రద్ధగా చూడాలి.

లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానమున్నా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. సంస్థను నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి నేరాన్ని దాచితే అది ఏడాది వరకు పెరుగుతుంది. మంచి ఉద్దేశంతో సమాచారమిచ్చిన వ్యక్తి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ పడదని కూడా ఆ సెక్షనే హామీ ఇచ్చింది.

పిల్లల సొంత ఫిర్యాదుకు 2016 నాటి కేంద్ర నమూనా నియమావళి ఒక పెట్టె పెట్టమంది. ఆ పెట్టె ఆఫీసు గదికి దూరంగా, పిల్లలు పడుకునే గదులకు దగ్గరగా ఉండాలి. తాళంచెవి మేనేజ్‌మెంట్ కమిటీ అధ్యక్షుడి దగ్గరే ఉండాలి. వారానికోసారి పిల్లల కమిటీ సభ్యుల ఎదుట తెరవాలి. అనుభవమున్న తనిఖీ అధికారి గేటు దాటగానే వెతికేది ఈ పెట్టెనే. అది సూపరింటెండెంట్ కుర్చీ వెనక గోడకు వేలాడుతుంటే, తాళం తుప్పు పట్టి ఉంటే, చీటీ వేసే సందులో సాలెగూడు ఉంటే, ఆ సంస్థలో పిల్లల మాట ఎవరైనా వింటున్నారా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

బయల్దేరే ముందు

ఫిర్యాదు అందగానే తీవ్రత తేల్చుకోవాలి. లైంగిక హింస, ప్రాణాపాయం, పిల్లలు కనిపించకుండా పోవడం, పిల్లల అమ్మకం వంటివి చెవిన పడితే గంటలే లెక్క. అక్కడ కమిటీ తనిఖీ కంటే ముందు పోలీసు కేసు నమోదు కావాలి. కమిటీవాళ్లు హడావుడిగా ముందు వెళితే సీసీటీవీ రికార్డులు చెరిగిపోతాయి, పిల్లలకు బెదిరింపులు వెళతాయి. కొట్టడం, తిండి పెట్టకపోవడం, మందులు ఇవ్వకపోవడం వంటి ఫిర్యాదులకు ఒకటి రెండు రోజులకు మించి ఆగకూడదు. పరుపులు, ఫ్యాన్లు, యూనిఫాంల వంటి లోపాలు తర్వాతి వరుస.

కొట్టడానికి సంబంధించి జేజే చట్టంలో 2021 సవరణతో ఒక పెద్ద మార్పు వచ్చింది. సంస్థ ఉద్యోగి పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే 75వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. ఆ సవరణ మూడు నుంచి ఏడేళ్ల శిక్ష పడే జేజే చట్టం నేరాలను నాన్ కాగ్నిజబుల్ చేసింది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు వాటిలో నేరుగా దర్యాప్తు చేయలేరు. పలు రాష్ట్రాల బాలల కమిషన్లు దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశాయి. నా అభిప్రాయంలో ఇది పిల్లలకు అన్యాయం చేసిన సవరణ. ఇంట్లోనో, బడిలోనో చెప్పుకోడానికి ఎవరూ లేని బిడ్డ కోసం మేజిస్ట్రేటు ముందుకు ఎవరు వెళ్తారు?

బృందాన్ని ఎంచుకునేటప్పుడు భాషను మరవకూడదు. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి విడిపించిన పిల్లల్లో ఎక్కువమంది బిహార్ వాళ్లు. ఇటుక బట్టీల నుంచి వచ్చే పిల్లల్లో ఒడియా మాట్లాడేవాళ్లుంటారు. ఆదిలాబాద్ వైపు గోండి, లంబాడీ తండాల్లో వాళ్ల సొంత భాష, పాతబస్తీలో ఉర్దూ. బిడ్డ భాష తెలిసిన మనిషి బృందంలో లేకపోతే అనువాదం చేసిపెట్టేది ఆ సంస్థ వార్డెనే అవుతుంది. అప్పుడా తనిఖీకి అర్థం లేదు.

ఫిర్యాదుదారు పేరు, ఫిర్యాదు ప్రతి బృందం దాటి పోకూడదు. ఏ వాహనం, ఏ సమయం అన్నది చివరి నిమిషం దాకా ఇద్దరు ముగ్గురికే తెలియాలి. రాత్రి భోజనం వేళ, పిల్లలు పడుకోబోయే వేళ వెళితే పగలు కనిపించనివి కనిపిస్తాయి. రాత్రి కాపలా ఎవరిది, పిల్లల గదుల తాళాలు ఎవరి దగ్గరుంటాయి, ఆడపిల్లల గృహంలోకి ఆ వేళ మగవాళ్లు ఎవరొస్తున్నారు అన్నవి అప్పుడే తేలతాయి.

గేటు లోపల

లోపలికి వెళ్లగానే ముందు పిల్లల తలలు లెక్కపెట్టాలి. హాజరు పట్టీలో 42 మంది ఉండి, ఎదురుగా 35 మందే కనిపిస్తే మిగతా ఏడుగురు ఎక్కడ? ఆస్పత్రికి వెళ్లారంటే ఏ ఆస్పత్రి, చీటీ ఏది, వెంట వెళ్లిందెవరు? ఇంటికి పంపామంటే సీడబ్ల్యూసీ ఉత్తర్వు చూపించాలి. పట్టీలో లేని పిల్లలు లోపల ఉంటే అది ఇంకా తీవ్రమైన సంగతి. కమిటీ ముందు హాజరుపరచకుండా తెచ్చిన పిల్లలన్నమాట. రిజిస్ట్రేషన్ లేకుండా గృహం నడపడమే ఒక నేరం. జేజే చట్టం 42వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు చేయకుండా గడిచే ప్రతి 30 రోజులూ ఒక్కో విడి నేరం.

తర్వాత గదులు. నమూనా నియమావళి ప్రకారం పడుకునే గదిలో ఒక్కో బిడ్డకు 40 చదరపు అడుగుల చోటుండాలి. ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది ఉండాలి. లెక్కలతోపాటు లోపలి గడియలు పనిచేస్తున్నాయా, కిటికీలకు తెరలున్నాయా, రాత్రి ఆ దారిలో దీపం వెలుగుతుందా అన్నవి చూడాలి. వంటింట్లో స్టాక్ రిజిస్టరుకూ డబ్బాల్లోని పప్పుకూ పొంతన ఉందో లేదో కళ్లకే తెలుస్తుంది. మందుల బీరువాలో గడువు దాటిన సీసాలున్నాయా, నిద్రమాత్రలు ఎవరి చీటీ మీద వచ్చాయి, అనారోగ్యం లేని పిల్లలకు ఏవైనా మందులు వేస్తున్నారా అన్నది వైద్యాధికారి పని. ముజఫర్‌పూర్ బాలికలు తమకు మత్తుమందులిచ్చారని చెప్పాక ఏ వైద్యాధికారీ ఈ బీరువాను తేలిగ్గా తీసుకోకూడదు.

తలుపు తాళం వేసి ఉన్న గది ఏదైనా ఉంటే తెరిపించాల్సిందే. తాళంచెవి ఉన్న మనిషి ఊళ్లో లేడన్నది ప్రతి తనిఖీలోనూ వినిపించే మాట. ఆ మనిషి వచ్చేదాకా బృందంలో ఒకరు ఆ తలుపు దగ్గరే ఉండటం మంచి పద్ధతి.

పిల్లలతో మాట

తనిఖీలో అన్నిటికన్నా కష్టమైనదీ, అన్నిటికన్నా విలువైనదీ ఇదే. సంస్థ మనుషులెవరూ కనుచూపు మేరలో లేని చోట, బిడ్డతో ఒక్కరో ఇద్దరో కూర్చోవాలి. ఆడపిల్లలతో మహిళే మాట్లాడాలి. నేల మీద, బిడ్డ కూర్చున్న ఎత్తులోనే కూర్చుంటే సగం భయం పోతుంది. ఫైలూ పెన్నూ పక్కన పెట్టి ఊరు, అక్కచెల్లెళ్లు, బడి, ఇష్టమైన కూర వంటి సంగతులతో మొదలుపెట్టాలి. ఫిర్యాదులో పేరున్న బిడ్డను ఒక్కదాన్నే పిలిస్తే ఎవరు చెప్పారో సంస్థకు తెలిసిపోతుంది. అందుకే ఆ వయసు పిల్లలందరినీ ఒకరి తర్వాత ఒకరిని, ఒకే అంత సమయం మాట్లాడించి పంపాలి.

జవాబును నోట్లో పెట్టే ప్రశ్నలు వేయకూడదు. ‘వార్డెన్ నిన్ను కొట్టాడా?’ అని అడిగితే అవుననో కాదనో వస్తుంది, రెండూ కోర్టులో నిలవవు. ‘ఇక్కడ ఎవరైనా తప్పు చేస్తే ఏమవుతుంది?’ అని అడిగితే బిడ్డ తనకు తెలిసిందంతా చెబుతుంది. రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేస్తావు, ఒంట్లో బాగోలేకపోతే ఎవరికి చెబుతావు, ఎవరొస్తే నీకు ఇష్టం, ఎవరొస్తే ఇష్టం ఉండదు వంటి ప్రశ్నలు చాలా తలుపులు తెరుస్తాయి. పదిమంది పిల్లలు ‘అన్నం బాగుంటుంది, మేడమ్ మంచిది, ఇక్కడే ఉంటాం’ అని ఒకే వరుసలో, ఒకే మాటలతో చెబితే, నేర్పిన పాఠం వింటున్నామని గ్రహించాలి. మాట్లాడలేని చిన్నపిల్లల విషయంలో శరీరమే సాక్ష్యం: పెద్దవాళ్లు చెయ్యెత్తితే తల దాచుకోవడం, వయసుకు తగ్గ బరువు లేకపోవడం, ఆరని పుండ్లు.

లైంగిక హింస గురించి బిడ్డ చెప్పడం మొదలుపెడితే తనిఖీ బృందం అక్కడ ఆగాలి. వినాలి, నమ్ముతున్నానని చెప్పాలి, వివరాలు తవ్వకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే చెప్పి తీరాల్సిన బాధ్యత బృందానికి ఉంది. పోక్సో 24వ సెక్షన్ ప్రకారం వాంగ్మూలం తీసుకునేది యూనిఫాంలో లేని పోలీసు, సాధ్యమైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళ. వైద్య పరీక్ష బాలికలకు మహిళా వైద్యురాలే, బిడ్డ నమ్మే మనిషి పక్కనుండగా చేయాలి. ఒకే కథను కమిటీకి, పోలీసుకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, మళ్లీ కమిషన్‌కు చెప్పించడం బిడ్డను మళ్లీ మళ్లీ గాయపరచడమే. మన జిల్లాల్లో ఇప్పటికీ జరుగుతున్న అతి పెద్ద తప్పు ఇదని అనుకుంటాను.

బిడ్డ పేరు, ఫొటో, బడి, ఊరు, గుర్తుపట్టేలా చేసే ఏ వివరమూ పత్రికలకు చేరకూడదు. జేజే చట్టం 74వ సెక్షన్ దీన్ని నేరంగా చేసింది, శిక్ష ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. తనిఖీకి వెళుతూ కెమెరాలను వెంటేసుకునే నాయకులకూ అధికారులకూ ఈ సెక్షన్ గుర్తుచేయాలి.

ఆధారాలు, నివేదిక

సీసీటీవీ రికార్డులున్న హార్డ్ డిస్క్, సందర్శకుల పుస్తకం, రాత్రి డ్యూటీ పట్టిక, మందుల రికార్డు, దాతల రశీదులు, వీటిని ఆ రోజే భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లాలంటే 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. పిల్లల ఒంటిపై దెబ్బల ఫొటోలు వైద్యాధికారి పర్యవేక్షణలోనే తీయాలి, ఎవరి సొంత ఫోన్‌లోనూ ఉండకూడదు.

నివేదిక నమూనా నియమావళిలోని 46వ ఫారంలో ఉంటుంది. ఫారం నింపడం తేలికే, కానీ అందులో ఫిర్యాదుకు నేరుగా జవాబు చెప్పే గడి లేదు. అందువల్ల ఫిర్యాదులోని ఒక్కో ఆరోపణను విడిగా రాసి, ఏ ఆధారం మీద నిజమని తేలింది, ఏది తేలలేదు, ఏది నిరాధారం అన్నది అదనంగా జతచేయాలి. ‘తేలలేదు’ అన్నదాన్ని ‘అబద్ధం’ అని రాసే నివేదికలు చాలా హాని చేస్తాయి.

తర్వాత ఏమవుతుంది

ప్రమాదం కళ్లెదుట ఉంటే సీడబ్ల్యూసీ పిల్లలను వెంటనే వేరే గృహానికి మార్చాలి. తోబుట్టువులను విడదీయకుండా, బడి చదువు తెగిపోకుండా మార్చడం అంత తేలిక కాదు. పునరావాస సేవలు అందించని సంస్థ రిజిస్ట్రేషన్‌ను జేజే చట్టం 41వ సెక్షన్ కింద ప్రభుత్వం రద్దు చేయవచ్చు. అది తిరిగి వచ్చేదాకా ఆ సంస్థను నడపాల్సిన భారం కూడా ప్రభుత్వానిదేనని అదే సెక్షన్ అంటోంది. తాళం వేసి చేతులు దులుపుకునే హక్కు లేదన్నమాట. పిల్లలను శారీరకంగా దండించినట్టు కోర్టులో రుజువైన ఉద్యోగిని కొలువు నుంచి తొలగించాలనీ, విచారణకు సహకరించని యాజమాన్యానికి మూడేళ్లకు తగ్గని జైలనీ 82వ సెక్షన్ చెబుతోంది.

మూసివేత వల్ల వచ్చే చిక్కు 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కనిపించింది. ఒక పాఠశాలలో పసిబిడ్డపై ప్రిన్సిపల్ డ్రైవరు అఘాయిత్యం బయటపడ్డాక ప్రభుత్వం గుర్తింపు రద్దు చేసింది. మిగతా పిల్లల తల్లిదండ్రులు చదువు మధ్యలో ఎక్కడికి వెళ్లాలని నిలదీశారు. చివరికి ఆ విద్యాసంవత్సరం వరకు నడపనిచ్చారు. డ్రైవరుకు 2023 ఏప్రిల్‌లో 20 ఏళ్ల జైలు పడింది. నేరం చేసిన మనిషిని శిక్షించడం, సంస్థను సరిదిద్దడం, పిల్లల చదువు కాపాడటం మూడు వేర్వేరు పనులు. మూడూ ఒకేసారి మొదలుకావాలి.

డేకేర్లు, ప్లేస్కూళ్లు

పగటిపూట పిల్లలను వదిలివెళ్లే కేంద్రాల విషయంలో మన చట్టం చాలా బలహీనంగా ఉంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ నడపాలనీ, తల్లికి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకునే వీలివ్వాలనీ 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం చెప్పింది. ప్రైవేటు ప్లేస్కూళ్లకు జాతీయ బాలల కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని వాటిలో ఉంది. మార్గదర్శకానికి చట్టమంత బలం లేదు. మాదాపూర్‌లోనో మధురవాడలోనో అపార్టుమెంటు గ్రౌండ్ ఫ్లోర్‌లో నడిచే డేకేర్ మీద ఫిర్యాదు వస్తే ఏ అధికారి వెళ్లాలన్నది ఇప్పటికీ స్పష్టంగా లేదు.

అమెరికాలో ఈ పని చాలా ముందుకు వెళ్లింది. 2014 నాటి ఫెడరల్ చట్టం ప్రభుత్వ సాయం అందే లైసెన్సు కేంద్రాలకు ఏటా ముందు చెప్పకుండా ఒక తనిఖీ జరగాలనీ, ఫలితాలు అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో ఉంచాలనీ, నిజమని తేలిన ఫిర్యాదుల రికార్డు ఉంచాలనీ రాష్ట్రాలను ఆదేశించింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలో ఫిర్యాదు అందిన పది రోజుల్లోగా లైసెన్సింగ్ అధికారి కేంద్రానికి వెళ్లాలి. ఫిర్యాదు సారాంశం యాజమాన్యానికి తెలిసేది అధికారి గడపలో నిలబడ్డాకే. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టరు. పిల్లలకు తక్షణ ప్రమాదం కలిగించే లోపాలను ఎ రకంగా, మిగతావి బి రకంగా రాస్తారు. ఎ రకం లోపం దొరికితే ఆ నివేదికను 30 రోజులు కేంద్రంలో అందరికీ కనిపించేలా అంటించాలి, తల్లిదండ్రులకు ప్రతులివ్వాలి.

ఇంగ్లండ్‌లో ఈ పని ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థది. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే నర్సరీ యాజమాన్యం తానే విచారించి 28 రోజుల్లోగా ఫలితం చెప్పాలి, ఆ రికార్డు ఆఫ్‌స్టెడ్ అడిగినప్పుడు చూపించాలి. పిల్లలకు హాని జరిగే అవకాశం కనిపిస్తే విచారణ పూర్తికాకముందే ఆరు వారాల పాటు రిజిస్ట్రేషన్ నిలిపివేసే అధికారం ఆఫ్‌స్టెడ్‌కుంది.

మిగిలిన ఖాళీ

పై దేశాల పద్ధతుల్లో మనం అరువు తెచ్చుకోదగ్గది ఒక్కటే అయితే అది గడువు. జేజే చట్టం 54వ సెక్షన్ మూడు నెలల చక్రం గురించి చెప్పింది, నివేదికకు వారమంది, చర్యకు నెల అంది. ఫిర్యాదు వస్తే ఎన్ని గంటల్లో గేటు దగ్గర ఉండాలో చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే ఫిర్యాదు కాగితం డీసీపీయూ నుంచి కలెక్టరేట్‌కూ, అక్కడినుంచి శాఖకూ తిరుగుతుంది, ఈలోగా సంస్థకు కబురు చేరుతుంది. రెండో లోపం ఫలితం చెప్పకపోవడం. ఫిర్యాదు చేసిన ఆయాకో, పొరుగింటావిడకో ఏం తేలిందో తెలియదు, కాబట్టి మరోసారి ఫోన్ చేయరు.

తీవ్రమైన ఫిర్యాదు అందిన 24 గంటల్లో బృందం వెళ్లాలని, నెలలోగా ఫలితాన్ని ఫిర్యాదుదారుకు తెలపాలని, సంస్థవారీ నివేదికలను పిల్లల వివరాలు తొలగించి ప్రజలకు అందుబాటులో ఉంచాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ నియమావళిలో రాయాలి. ఇందుకు పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. జేజే చట్టం 110వ సెక్షన్ నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకే ఇచ్చింది.